చంద్రగ్రహణ ఛాయాచిత్రం: సాక్ష్యంగా దాని విలువ

యూనిట్ నిర్మాణం

1. లక్ష్యాలు
2. ప్రవేశిక
3. ఛాయాచిత్రాన్ని అడగవలసిన నాలుగు ప్రశ్నలు
4. గుంటూరు, 1868: ఫొటో సాక్ష్యంగా మారిన తీరు
5. ఆకాశం ఆధారంగా పరీక్షలు
6. కెమెరా ఆధారంగా పరీక్షలు
7. నేల ఆధారంగా పరీక్షలు
8. మూడు ఫొటోల పరిశీలన
9. గ్రహణం దాటి
10. సారాంశం
11. కీలక పదాలు
12. నమూనా పరీక్షా ప్రశ్నలు
13. ప్రగతి పరీక్షకు సమాధానాలు

1. లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• ఫొటోకూ, ఫొటో గురించి చేసిన వాదనకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• గ్రహణ సమయం, చంద్రుడి ఎత్తు, నీడ ఆకారం, వెలుగు అనే నాలుగు అంశాలతో ఒక గ్రహణ ఫొటోను పరీక్షించగలుగుతారు.
• చంద్రుడి పరిమాణాన్ని లెక్కగట్టి, ఫొటో సాధ్యమో కాదో చెప్పగలుగుతారు.
• ‘నిజం’, ‘అబద్ధం’ అనే రెండు తీర్పులే కాక ‘తేల్చలేం’ అనే మూడో తీర్పు ఎప్పుడు ఇవ్వాలో గుర్తించగలుగుతారు.

2. ప్రవేశిక

2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. ఇటువంటి గ్రహణం వచ్చిన ప్రతిసారీ తెల్లారేసరికి ఫోన్ల నిండా ఎర్రటి చందమామ ఫొటోలు చేరతాయి. కొన్ని పంపినవారే తీసినవి. కొన్ని ఏనాటివో, ఏ దేశానివో. మరికొన్ని కంప్యూటర్‌లో అతికినవి, లేదా కృత్రిమ మేధతో తయారు చేసినవి. అన్నీ ఒకే తెర మీద, ఒకే పరిమాణంలో కనిపిస్తాయి కాబట్టి వాటిని విడదీయడం కష్టమనిపిస్తుంది.

నిజానికి గ్రహణం మనకు చాలా అనుకూలమైన విషయం. ఒక వీధి గొడవ ఫొటోను తీసుకుంటే ఆ గొడవ ఎన్నింటికి జరిగిందో ముందే లెక్కగట్టినవారు ఎవరూ ఉండరు. గ్రహణం అలా కాదు. ఏ ఊళ్లో, ఏ నిమిషంలో, ఆకాశంలో ఎంత ఎత్తున, ఏ అంచు నుంచి నీడ పడుతుందో గణితం ముందే చెబుతుంది. అందువల్ల ఫొటో చెప్పేదాన్ని ఫొటోతో సంబంధం లేని లెక్కతో పోల్చి చూడవచ్చు. ఈ అభ్యాసం ఒకసారి పట్టుబడితే మిగతా ఫొటోల విషయంలోనూ ఉపయోగపడుతుంది.

ఈ యూనిట్‌లోని ఉదాహరణలు గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప మైదానాల నుంచి తీసుకున్నాం. చంద్రుడి ఎత్తులను గుంటూరు పట్టణానికి లెక్కించాం. ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేటలకు తేడా చాలా స్వల్పం.

3. ఛాయాచిత్రాన్ని అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఫొటో తనంతట తాను ఏమీ చెప్పదు. దాని కింద రాసిన మాట, పంపినవారి మాట కలిస్తేనే అది ఒక వాదన అవుతుంది. ‘ఇది నిన్న రాత్రి మా ఊళ్లో కనిపించిన గ్రహణం’ అన్న వాక్యంలో నిన్న, మా ఊరు, గ్రహణం అనే మూడు విడి అంశాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వాదన తప్పుతుంది. అయినా ఫొటో మాత్రం నిజమైనదే కావచ్చు. 2018లో తీసిన నిజమైన ఫొటోకు 2025 తేదీ తగిలిస్తే అది నకిలీ ఫొటో అనలేం, తప్పుడు వాదన అనాలి. ఈ తేడాను యూనిట్ పొడుగునా గుర్తుంచుకోండి.

ఏ ఫొటో చేతికి వచ్చినా ముందుగా ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాసుకోండి.

(అ) ఏమిటి? ఫొటోలో ఉన్నది ఏదని వాదన?
(ఆ) ఎక్కడ? ఏ ఊరు, ఏ దిక్కు?
(ఇ) ఎప్పుడు? ఏ తేదీ, ఎన్ని గంటలకు?
(ఈ) ఎలా? ఏ కెమెరాతో తీశారు, ఎవరెవరి చేతులు మారి మన దగ్గరకు వచ్చింది?

సమాధానం లేని ప్రశ్న పక్కన ఖాళీ వదలండి. ఖాళీని మన ఊహతో నింపకూడదు. నాలుగింటికీ ఖాళీలే మిగిలిన ఫొటో ఎంత అందంగా ఉన్నా సాక్ష్యంగా దాని విలువ దాదాపు సున్నా.

4. గుంటూరు, 1868: ఫొటో సాక్ష్యంగా మారిన తీరు

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం ఇవ్వడమంటే ఏమిటో తెలుసుకోవడానికి గుంటూరు చరిత్రలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. అది చంద్రగ్రహణం కాదు, సూర్యగ్రహణం. కాని ఫొటో ఎప్పుడు సాక్ష్యం అవుతుందన్న మన ప్రశ్నకు అది సూటిగా జవాబు చెబుతుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు మీదుగా సాగింది. సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగయ్యాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం దూరదర్శిని, ఫొటో పరికరాలతో గుంటూరులో మకాం వేసింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ కూడా అదే ఊళ్లో వర్ణపటదర్శినితో సిద్ధంగా ఉన్నాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో పరిశీలన చేశాడు.

ఆ కాలపు ఫొటో అంటే తడి రసాయనం పూసిన గాజు పలక. తీయడానికి కాస్త ముందే పూత పూయాలి, ఆరిపోకముందే తీసి కడగాలి. టెనెంట్ బృందం సంపూర్ణ దశలో అలాంటి పలకల మీద సూర్యుడిని చిత్రించింది. చంద్రబింబం అంచు దాటి కొమ్ములా పొడుచుకొచ్చిన ఒక పెద్ద సౌరజ్వాల వాటిలో కనిపించింది.

అది నిజంగా సూర్యుడిదేనా? పలక మీద మరకో, గాలిలోని భ్రమో కాకూడదా? దీన్ని తేల్చినవి మూడు విషయాలు.

మొదటిది, పూర్తి వివరాలు. చోటు, పరికరం, సమయం, తీసిన పద్ధతి రాసిపెట్టి, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ద్వారా నివేదికగా ప్రచురించారు. అనుమానం ఉన్నవారు లెక్క సరిచూసుకోవచ్చు.

రెండోది, వేరే చోటి సాక్షి. వేల కిలోమీటర్ల దూరంలోని ఏడెన్‌లో జర్మన్ బృందం అదే గ్రహణాన్ని వేరే పరికరంతో ఫొటో తీసింది. వాళ్ల పలకల్లోనూ ఆ కొమ్ము ఉంది. గుంటూరు పలక మీది మరక ఏడెన్ పలక మీద పడదు కదా! 1860లో స్పెయిన్‌లో డి లా ర్యూ, సెక్కీ వేర్వేరు చోట్ల తీసిన ఫొటోలను పోల్చి, ఆ జ్వాలలు చంద్రుడివి కావు, సూర్యుడివేనని ఇదే పద్ధతిలో నిర్ధారించారు.

మూడోది, వేరే పద్ధతి. జాన్సెన్ తన వర్ణపటదర్శినిలో ఆ జ్వాలల ప్రకాశవంతమైన గీతలను చూశాడు. మర్నాడు, ఆగస్టు 19న, గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. ఆ ఏడాది గ్రహణ పరిశీలనల్లో గమనించిన పసుపు గీతను ఇంగ్లండులో లాకియర్ కూడా పరిశీలించాడు. ఆ గీత తరవాత హీలియం అనే కొత్త మూలకం జాడగా గుర్తింపు పొందింది. 1895లో రామ్సే భూమి మీదే హీలియాన్ని వేరుచేసి ఆ గుర్తింపును ధ్రువపరిచాడు.

కాబట్టి పూర్తి వివరాలు, స్వతంత్రమైన రెండో సాక్షి, వేరే పద్ధతిలో సరిచూడటం అనే మూడూ కలిస్తేనే ఫొటో బలమైన సాక్ష్యం అవుతుంది. నేటి ఫోన్ ఫొటోకూ ఇదే కొలబద్ద.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసుకుని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
గుంటూరు ఫొటోలకు ఏడెన్ ఫొటోలు ఎలా బలం చేకూర్చాయి?

5. ఆకాశం ఆధారంగా పరీక్షలు

5.1 సమయం

చంద్రగ్రహణానికి మన పంచాంగాల్లో ఐదు ఘట్టాలు చెబుతారు. చంద్రుడి అంచు భూమి ప్రచ్ఛాయను తాకడం స్పర్శ. బింబం పూర్తిగా నీడలో మునగడం నిమీలనం. నడిమి ఘట్టం మధ్యం. బింబం నీడ నుంచి బయటపడటం మొదలైతే ఉన్మీలనం. పూర్తిగా విడిచిపెడితే మోక్షం. ఇటీవలి మూడు గ్రహణాల వివరాలు భారత ప్రామాణిక కాలంలో ఇలా ఉన్నాయి (నిమిషం అటూ ఇటూ).

పట్టిక – 1

• 2023 అక్టోబర్ 28 రాత్రి (తెల్లవారితే 29): పాక్షికం. స్పర్శ 1.05, మధ్యం 1.44, మోక్షం 2.23. మధ్యకాలంలో కూడా నీడ చంద్రుడి వ్యాసంలో దాదాపు 12 శాతం మేరకే చొచ్చుకుపోయింది.
• 2025 సెప్టెంబర్ 7 రాత్రి: సంపూర్ణం. స్పర్శ 9.57, నిమీలనం 11.01, మధ్యం 11.42, ఉన్మీలనం 12.23, మోక్షం 1.27. సంపూర్ణ దశ 82 నిమిషాలు.
• 2026 మార్చి 3 సాయంత్రం: సంపూర్ణం. స్పర్శ 3.20, నిమీలనం 4.34, ఉన్మీలనం 5.33, మోక్షం 6.47.

ఈ పట్టికతోనే చాలా వాదనలు తేలిపోతాయి. 2023 అక్టోబర్ గ్రహణంలో బింబమంతా ఎర్రబడే అవకాశమే లేదు. ఆనాటిదంటూ వచ్చిన పూర్తి ఎర్ర చంద్రుడి ఫొటో మరే రాత్రిదో అయి ఉండాలి, లేదా రంగు మార్చినదై ఉండాలి.

2026 మార్చి 3 గ్రహణాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి. అది సంపూర్ణ గ్రహణమే. కాని ఆ సాయంత్రం గుంటూరులో చంద్రోదయం సుమారు 6.16కు. అప్పటికి సంపూర్ణ దశ ముగిసి దాదాపు ముప్పావుగంట అయింది. ఇక్కడివారికి మిగిలింది మోక్షానికి ముందు అరగంట పాక్షిక దశ మాత్రమే. ‘ఆ రోజు సంపూర్ణ గ్రహణం ఉంది కాబట్టి ఈ ఎర్ర చంద్రుడి ఫొటో మన దగ్గరిదే కావచ్చు’ అనుకుంటే పొరబడతాం. గ్రహణం ఉందా అన్నది ఒక ప్రశ్న, అది ఆ ఊరికి కనిపిస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

5.2 ఎత్తు, దిక్కు

2025 సెప్టెంబర్ 7న స్పర్శ వేళకు గుంటూరులో చంద్రుడు క్షితిజం నుంచి సుమారు 51 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. మధ్యకాలానికి సుమారు 67 డిగ్రీలకు, దాదాపు దక్షిణ దిక్కుకు చేరాడు. మోక్ష సమయానికీ 60 డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నాడు. అంటే గ్రహణమంతా తల బాగా పైకెత్తి చూడవలసినదే.

ఇప్పుడు కొండవీడు కొండలను తలచుకోండి. నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పొలం గట్టు నుంచి చూస్తే ఆ శిఖరాల ఎత్తు పది డిగ్రీలు కూడా ఉండదు. ‘కొండవీటి కోట మీద ఎర్ర చంద్రుడు, 2025 సెప్టెంబర్ 7, రాత్రి 11.40’ అని రాసి, శిఖరాన్ని ఆనుకుని చంద్రుడు కనిపిస్తే ఆ ఫొటో ఒకే క్లిక్కులో వచ్చినది కాదు. రెండు ఫొటోలు కలిపి ఉండాలి, లేదా తేదీ తప్పు అయి ఉండాలి.

5.3 నీడ ఆకారం

చంద్రుడున్న దూరంలో భూమి ప్రచ్ఛాయ వెడల్పు చంద్రుడి వ్యాసానికి రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల నీడ అంచు పెద్ద వృత్తంలో ఒక ముక్కలా, చంద్రుడి అంచు కంటే తక్కువ వంపుతో ఉంటుంది. ఈ గుండ్రటి నీడను చూసే అరిస్టాటిల్ భూమి గోళమని వాదించాడు. గ్రహణానికి కారణం భూమి నీడేనని మన ఆర్యభటుడు చెప్పాడు. చంద్రుడంతే ఉన్న వృత్తంతో కొరికినట్టు కనిపిస్తే అది చాలావరకు సూర్యగ్రహణపు ఫొటో, లేదా గీసిన బొమ్మ.

నెలవంకను గ్రహణంగా చూపడం మరో సామాన్యమైన పొరపాటు. దీన్ని రెండు గుర్తులతో పట్టుకోవచ్చు. నెలవంక రెండు కొనలు ఎప్పుడూ బింబానికి సరిగ్గా ఎదురెదురు బిందువుల వద్ద ఉంటాయి. గ్రహణంలో ఆ నియమం లేదు. అలాగే నెలవంకలో వెలుగు, చీకటి కలిసేచోట బిలాల నీడలు పొడవుగా పడి, ఉపరితలం గరుకుగా కనిపిస్తుంది. గ్రహణం పౌర్ణమి నాడే వస్తుంది. సూర్యకాంతి చంద్రుడికి ఎదురుగా పడుతుంది కాబట్టి బిలాల నీడలు కనిపించవు. నీడ అంచు మసకగా, ఉపరితలం చదునుగా ఉంటుంది.

నీడ వచ్చే వైపునూ గమనించండి. చంద్రుడు పడమటి నుంచి తూర్పుకు కదులుతూ నీడలోకి వెళతాడు. కాబట్టి ముందుగా చీకటి పడేది తూర్పు అంచుకు. సంపూర్ణ గ్రహణం తరవాత ముందుగా వెలిగేదీ తూర్పు అంచే. ఫొటోలో ఇది తారుమారైతే సమయం తప్పు కావచ్చు, లేదా ఫొటోను అద్దంలో బొమ్మలా తిప్పి ఉండవచ్చు. ‘చందమామలో కుందేలు’గా మనం చూసే మచ్చలు వేర్వేరు దేశాల నుంచి చూస్తే ఒరిగి, తలకిందులై కూడా కనిపిస్తాయి. కాని అద్దంలో బొమ్మలా తిరగబడి మాత్రం ఎక్కడా కనిపించవు.

5.4 వెలుగు, రంగు

సంపూర్ణ దశలో చంద్రుడి వెలుగు సాధారణంగా పదివేల రెట్లకు పైగా తగ్గిపోతుంది. భూ వాతావరణం గుండా వంగి వచ్చిన ఎర్రని కాంతి మాత్రమే అతడిని చేరుతుంది. ఇంతటి తేడాను మామూలు కెమెరా ఒకే క్లిక్కులో పట్టలేదు. పాక్షిక దశలో వెలిగే భాగానికి అమర్చితే నీడ భాగం నల్లగా వస్తుంది. ఎర్రని భాగానికి అమర్చితే వెలిగే భాగం తెల్లగా మాడిపోతుంది. రెండు భాగాలూ స్పష్టంగా, మచ్చలతో సహా కనిపిస్తే అది రెండు మూడు క్లిక్కులను కలిపిన ఫొటో అయి ఉండవచ్చు. అలా కలపడం మోసం కాదు. కాని కలిపామని చెప్పాలి.

నక్షత్రాల సంగతీ ఇంతే. వెలిగే పూర్ణచంద్రుడి పక్కన నక్షత్రాలు ఫొటోలో పడటం అరుదు. సంపూర్ణ దశలో పడతాయి. బింబం లోపల, చీకటి భాగం మీద నక్షత్రం ఉంటే మాత్రం అది గీసినదే. చంద్రుడి ముందుకు ఏ నక్షత్రమూ రాదు.

రంగు ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పకండి. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు డాంజాన్ 1921లో సంపూర్ణ గ్రహణాల వెలుగుకు 0 నుంచి 4 వరకు కొలమానం ఇచ్చాడు. 0 అంటే బింబం దాదాపు కనిపించనంత చీకటి. 4 అంటే మెరిసే రాగి రంగు. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలి వాతావరణంలో ధూళి నిండటం వల్ల 1992 డిసెంబర్ 9 గ్రహణం చాలా చీకటిగా కనిపించింది. కాబట్టి మట్టిరంగులో మసకగా ఉన్న చంద్రుడిని చూసి ‘ఇది గ్రహణం కాదు’ అనడం తొందరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పాక్షిక గ్రహణాన్నీ నెలవంకనూ వేరుచేసే రెండు గుర్తులు రాయండి.

6. కెమెరా ఆధారంగా పరీక్షలు

6.1 నూటపది లెక్క

చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే దూరం వ్యాసానికి సుమారు 110 రెట్లు. దీని నుంచి ఒక సులభ సూత్రం వస్తుంది. ఒక వస్తువు మన నుంచి ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని 110తో భాగిస్తే, అక్కడ చంద్రుడు కప్పే వెడల్పు తెలుస్తుంది. 110 మీటర్ల దూరంలో ఒక మీటరు. కిలోమీటరు దూరంలో సుమారు 9 మీటర్లు.

ఉదాహరణ: 20 మీటర్ల ఎత్తు గోపురం కలశం పక్కన 67 డిగ్రీల ఎత్తున చంద్రుడు కనబడాలంటే మీరు గోపురానికి సుమారు ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో నిలబడాలి. అక్కడి నుంచి కలశం దూరం సుమారు 22 మీటర్లు. 22ను 110తో భాగిస్తే 0.2 మీటర్లు, అంటే 20 సెంటీమీటర్లు. ఫొటోలో చంద్రుడు కలశం పక్కన అంతే ఉండాలి. గోపురమంత వెడల్పున్న చంద్రుడు ఆ రాత్రి, ఆ సమయంలో అసాధ్యం.

ఫోన్ ప్రధాన కెమెరాకూ ఈ లెక్క చేయవచ్చు. చాలా ఫోన్లలో అది 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలోని 26 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. 26ను 110తో భాగిస్తే చంద్రబింబం 0.24 మిల్లీమీటర్లు. ఫిల్ము వెడల్పు 36 మిల్లీమీటర్లు. 4,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో ఇది సుమారు 26 పిక్సెళ్లకు సమానం. అంటే జూమ్ లేకుండా తీసిన నిజమైన ఫొటోలో చంద్రుడు చిన్న చుక్క. మనకు నిరాశ కలిగించే ఆ చుక్కే చాలాసార్లు నిజాయితీకి గుర్తు.

6.2 ఫోన్ కలిపే వివరాలు

కొన్ని ఫోన్లు చంద్రుడిని గుర్తుపట్టి, మసకగా పడిన బింబానికి మచ్చల వివరాలను తామే మెరుగుపరుస్తాయి. 2023 మార్చిలో ఒక వినియోగదారు కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద ఉంచి శామ్‌సంగ్ ఫోన్‌తో ఫొటో తీశాడు. తెర మీద లేని వివరాలు ఫొటోలో కనిపించాయి. చంద్రుడిని గుర్తించి వివరాలు మెరుగుపరచడానికి తమ ఫోన్లలో కృత్రిమ మేధ వాడుతున్నట్టు కంపెనీ వివరించింది. తీసినవారు మోసం చేయలేదు. నిజంగానే డాబా మీద నిలబడి తీశారు. అయినా ఆ ఫొటోలోని ప్రతి గీతా ఆకాశం నుంచి వచ్చినదని చెప్పలేం. మనిషి నిజాయితీ వేరు, ఫొటో విశ్వసనీయత వేరు.

6.3 ఫైలు

డిజిటల్ ఫొటో ఫైలులో తీసిన సమయం, కెమెరా నమూనా, కొన్నిసార్లు స్థలం కూడా నమోదవుతాయి. వీటిని ఎక్సిఫ్ వివరాలు అంటారు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఇవి తొలగిపోతాయి, ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. కాబట్టి వివరాలు లేకపోవడం మోసానికి రుజువు కాదు. వివరాలు ఉండటం నిజానికి రుజువూ కాదు, ఎందుకంటే వాటిని మార్చవచ్చు. అసలు ఫైలు అడగండి. ముందు తీసినవి, తరవాత తీసినవి కూడా అడగండి. గ్రహణం చూసినవారు సాధారణంగా ఒక్క ఫొటోతో ఆగరు. వరుసలో నీడ క్రమంగా జరిగితే అది ఏ ఒక్క ఫొటో కన్నా బలమైన సాక్ష్యం. గూగుల్ లెన్స్ వంటి సాధనంతో వెతికితే అదే ఫొటో అంతకుముందు ఎప్పుడైనా ప్రచురితమైందేమో తెలుస్తుంది.

7. నేల ఆధారంగా పరీక్షలు

ఫొటోలో ఆకాశం ఒక్కటే ఉండదు. కింద పొలం, చెట్టు, మనిషి ఉంటే అవీ సాక్షులే. ఈ పరీక్షలో నగరంలోని నిపుణుడి కంటే ఈ ప్రాంతపు విద్యార్థులైన మీకే ఎక్కువ తెలుసు.

మన ప్రాంతంలో మిరప నారు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో నాటుతారు. కోతలు సాగి, కల్లాల్లో కాయలు ఆరేది ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు. కల్లం మీద ఎర్రగా పరచిన మిరపకాయలు, పైన ఎర్ర చంద్రుడు, కింద ‘2025 సెప్టెంబర్ 7’ అని ఉంటే చంద్రుడి దాకా వెళ్లనక్కరలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఆ కల్లం ఎక్కడిది? పత్తికీ ఇంతే. జూన్, జులైలలో విత్తిన చేను సెప్టెంబర్ మొదట్లో పూత, కాయ దశలో ఉంటుంది. చేనంతా తెల్లగా పగిలిన పత్తి ఉంటే తేదీని అనుమానించాలి.

మేఘాలు కూడా సాక్షులే. సెప్టెంబర్‌లో వానాకాలం ఇంకా నడుస్తుంటుంది. పక్క పక్క ఊళ్లలో ఒకచోట మబ్బు, ఒకచోట తెరపి ఉండవచ్చు. కాబట్టి ‘మా ఊళ్లో కనిపించలేదు, మీ ఊళ్లో ఎలా కనిపించింది?’ అని కొట్టిపారేయకూడదు.

8. మూడు ఫొటోల పరిశీలన

కింది మూడూ అభ్యాసం కోసం ఊహించినవి. ఒక్కొక్కటి చదివి, ముందు మీ తీర్పు రాసుకుని, ఆ తరవాత మా వివరణ చూడండి.

ఫొటో (క): కొండవీటి శిఖరం పక్కన పెద్ద ఎర్ర చంద్రుడు. మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. ‘2025 సెప్టెంబర్ 7, రాత్రి 11.40’ అని రాశారు. తీసినవారి పేరు లేదు.

వివరణ: సమయం సరిపోయింది. ఎత్తు సరిపోలేదు. 67 డిగ్రీల ఎత్తున ఉండవలసిన చంద్రుడు శిఖరం పక్కన ఉన్నాడు. ‘ఎలా’ అన్న ప్రశ్నకు ఖాళీ. తీర్పు: వాదన చెల్లదు. ఫొటోలోని చంద్రుడు నిజమైన గ్రహణ చంద్రుడే కావచ్చు. కాని ఆ కొండ, ఆ చంద్రుడు ఆ నిమిషంలో అలా కలిసి కనిపించలేదు.

ఫొటో (చ): మిరప కల్లం, పట్టాలు, కాపలా మంచం. తూర్పున తక్కువ ఎత్తులో నారింజ రంగు నిండు చంద్రుడు. ‘2026 మార్చి 3, రాత్రి 7 గంటలు, ప్రకాశం జిల్లా, గ్రహణ చంద్రుడు’ అని రాశారు. అసలు ఫైలు ఉంది.

వివరణ: పంట కాలం సరిపోయింది. దిక్కు, ఎత్తు సరిపోయాయి. ఫైలులోని సమయమూ సరిపోయింది. కాని మోక్షం 6.47కే ముగిసింది. ఆ రంగు గ్రహణానిది కాదు. క్షితిజానికి దగ్గరగా ఉన్న చంద్రుడు ఏ రోజైనా దుమ్ము, గాలి పొరల వల్ల అలా కనిపిస్తాడు. తీర్పు: ఫొటో నిజమైనది, వాదన తప్పు. ఇక్కడ తీసిన మనిషిని అబద్ధాలకోరు అంటే మనమే తప్పు చేసినవాళ్లం అవుతాం. అతడు చూసినదే తీశాడు. చూసినదానికి పెట్టిన పేరు మాత్రం పొరపాటు.

ఫొటో (ట): చీకటి. కింద కరెంటు స్తంభం, వేపకొమ్మ. పై అంచున రాగి రంగు చిన్న చుక్క, కాస్త కదిలింది. ‘2025 సెప్టెంబర్ 7, రాత్రి 11.15, అద్దంకి దగ్గర’ అని రాశారు. వెనకా ముందూ తీసిన మరో ఆరు ఫొటోలున్నాయి. చిలకలూరిపేట వైపు నుంచి వేరొకరు అదే సమయంలో తీసిన ఫొటోలోనూ చంద్రుడు అదే రంగులో ఉన్నాడు.

వివరణ: సమయం సంపూర్ణ దశలోదే. ఎత్తు సరిపోయింది. ఫోన్‌లో చంద్రుడు ఉండవలసినంతే ఉన్నాడు. వరుస ఉంది, స్వతంత్రమైన రెండో సాక్షి ఉంది. తీర్పు: మూడింటిలో బలమైన సాక్ష్యం ఇదే. చూడటానికి మాత్రం ఇదే అన్నిటికంటే పేలవం. ఎక్కువమంది పంచుకునేది (క)ను. భద్రపరచవలసినది (ట)ను.

ఇప్పుడు (ట)లోని అదనపు ఫొటోలు, చిలకలూరిపేట ఫొటో, సమయం, ఊరు తీసేయండి. చీకట్లో రాగి రంగు చుక్క ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మన తీర్పు ‘తేల్చలేం’. ఫొటో మారలేదు, దాని చుట్టూ ఉన్న సమాచారం పోయింది, అంతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
2025 సెప్టెంబర్ 7, రాత్రి 10.30 నాటిదని చెప్పిన ఫొటోలో చంద్రుడి తూర్పు అంచు వెలుగుతోంది, పడమటి భాగం చీకటిగా ఉంది. మీరు ఏమంటారు?

9. గ్రహణం దాటి

గ్రహణం ఫొటో తప్పైతే ఎవరికీ పెద్ద నష్టం లేదని అనిపించవచ్చు. కాని ఇదే ప్రాంతంలో, ఇదే ఫోన్లతో, అకాల వానకు తడిసిన మిరప కల్లాన్నీ, వడగళ్లకు రాలిన పత్తినీ రైతులు ఫొటో తీస్తారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో స్థానిక విపత్తు నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలని ఉంది. అటువంటి ఫొటోను కూడా చూసేవారు అడిగేవి ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్న ప్రశ్నలే. పాత ఏడాది ఫొటోను ఒకరు పంపితే, ఆ అనుమానం నిజంగా నష్టపోయిన పక్క రైతు ఫొటో మీద కూడా పడుతుంది. నిజమైన ఫొటోకు వివరాలు లేకపోతే నిజమే ఓడిపోతుంది. కాబట్టి నకిలీని నమ్మడం ఎంత తప్పో, నిజాన్ని కొట్టిపారేయడమూ అంతే తప్పు.

న్యాయస్థానంలో కూడా ఎలక్ట్రానిక్ రికార్డు తనంతట తాను చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం అటువంటి రికార్డుతో పాటు ధ్రువపత్రం ఉండాలి. మనం పైన చెప్పుకున్న ‘ఎలా’ అన్న ప్రశ్నకు అది చట్టం ఇచ్చిన రూపం అనుకోవచ్చు.

అభ్యాసం: 2028 డిసెంబర్ 31 రాత్రి మన ప్రాంతానికి సంపూర్ణ చంద్రగ్రహణం కనిపిస్తుంది. మధ్యకాలం సుమారు 10.22. ఆ రాత్రి పావుగంటకు ఒకటి చొప్పున ఫొటోలు తీయండి. ఫోన్ గడియారం సరిచూసుకుని సమయం, స్థలం, దిక్కు, జూమ్, మబ్బు పరిస్థితి ఒక కాగితం మీద రాయండి. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలోని సహవిద్యార్థినీ అలాగే చేయమనండి. మర్నాడు రెండు వరుసలనూ పోల్చండి. 1868లో గుంటూరు, ఏడెన్ బృందాలు చేసిన పనిని మీరూ చేసినవారవుతారు.

10. సారాంశం

ఫొటో వేరు, దాని గురించిన వాదన వేరు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడిగి, వచ్చిన సమాధానాలను ఫొటోకు బయట ఉన్న ఆధారాలతో పోల్చాలి. గ్రహణ ఘట్టాల సమయం, చంద్రుడి ఎత్తు, నీడ వంపు, వెలుగు తేడా ఆకాశం ఇచ్చే ఆధారాలు. నూటపది లెక్క, ఫైలు వివరాలు, ఫొటోల వరుస కెమెరా ఇచ్చే ఆధారాలు. పంట కాలం, మబ్బు, దిక్కు నేల ఇచ్చే ఆధారాలు. ఒక్క స్పష్టమైన వైరుధ్యం వాదనను పడగొట్టగలదు. కాని వైరుధ్యం కనిపించనంత మాత్రాన వాదన రుజువు కాదు. దానికి స్వతంత్రమైన రెండో సాక్షి కావాలి. ఆధారాలు చాలనప్పుడు ‘తేల్చలేం’ అనడమే సరైన తీర్పు.

11. కీలక పదాలు

ప్రచ్ఛాయ: సూర్యకాంతి నేరుగా చేరని, భూమి నీడలోని గాఢమైన భాగం.
నిమీలనం, ఉన్మీలనం: సంపూర్ణ దశ మొదలు, ముగింపు.
ఎక్సిఫ్ వివరాలు: ఫొటో ఫైలులో కెమెరా నమోదు చేసే సమాచారం.
స్వతంత్ర సాక్షి: మొదటి సాక్షితో సంబంధం లేకుండా, వేరే చోటి నుంచి లేదా వేరే పరికరంతో అదే సంఘటనను నమోదు చేసినవారు.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చంద్రగ్రహణ ఫొటో ప్రామాణికతను ఆకాశం ఆధారంగా పరీక్షించే పద్ధతులను వివరించండి.
2. 1868 గుంటూరు గ్రహణ పరిశీలనల ఆధారంగా, ఫొటో సాక్ష్యంగా మారడానికి కావలసిన షరతులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 330 మీటర్ల దూరంలోని నీళ్ల ట్యాంకు వద్ద చంద్రుడు ఎంత వెడల్పును కప్పుతాడో లెక్కించండి.
2. ‘నిజమైన ఫొటో, తప్పుడు వాదన’ అంటే ఏమిటి? మీ సొంత ఉదాహరణ ఇవ్వండి.
3. ఎక్సిఫ్ వివరాలు లేని ఫొటోను నకిలీ అనవచ్చా? కారణాలు రాయండి.

13. ప్రగతి పరీక్షకు సమాధానాలు

1. ఏడెన్ బృందం వేరే చోట, వేరే పరికరంతో తీసినా అదే సౌరజ్వాల కనిపించింది. ఒక పలక మీది లోపం మరో పలక మీద కనిపించే అవకాశం లేదు కాబట్టి అది సూర్యుడికి చెందినదేనని తేలింది.
2. నెలవంక కొనలు బింబానికి సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి, గ్రహణంలో అలా ఉండనక్కరలేదు. నెలవంకలో వెలుగు, చీకటి కలిసేచోట బిలాల నీడలు కనిపిస్తాయి, గ్రహణంలో కనిపించవు.
3. 10.30 అంటే స్పర్శకూ నిమీలనానికీ మధ్య సమయం. అప్పుడు తూర్పు అంచు నీడలో ఉండి, పడమటి అంచు వెలగాలి. ఫొటోలో తారుమారుగా ఉంది కాబట్టి సమయం తప్పు కావచ్చు (ఉన్మీలనం తరవాత తీసినది), లేదా ఫొటోను కుడి ఎడమలు మార్చి తిప్పి ఉండవచ్చు. మచ్చలు సరైన వైపున ఉన్నాయో లేదో చూస్తే రెండింటిలో ఏదో తెలుస్తుంది.